ఊరు చెబితే చాలదు: వెబ్ పేజీలో ఒక భాగానికి లింకు ఇవ్వడం

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఒక పొలాన్ని దస్తావేజులోకి ఎక్కించేటప్పుడు ఊరి పేరు, మండలం పేరు రాసి ఎవరూ ఊరుకోరు. సర్వే నంబరు రాస్తారు. అన్నదమ్ముల పంపకాలలో అది ముక్కలై ఉంటే బై నంబరు రాస్తారు. విస్తీర్ణం ఎకరాలు, గుంటలలో రాస్తారు. ఆ తర్వాత తూర్పున ఎవరి భూమి, పడమర ఏ బండ్లబాట, ఉత్తరాన ఏ వాగు, దక్షిణాన ఎవరి చెలక అని నాలుగు హద్దులూ రాయిస్తారు. ఊరి పేరు ఒక్కటే రాసిన కాగితంతో ఏ పొలమూ దొరకదని అందరికీ తెలుసు.

వెబ్ పేజీల దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్త కనిపించదు. సమాచార హక్కు దరఖాస్తుకు ఎన్ని రోజుల్లో జవాబు రావాలని దేవరకొండలో ఒకరు వాట్సాప్ గ్రూపులో అడిగారనుకుందాం. చట్టం మొత్తం ఉన్న పేజీ లింకు ఒకటి వస్తుంది, దాని కింద ‘ఇందులో ఉంది చూడండి’ అన్న మాట వస్తుంది. 2005 నాటి ఆ చట్టంలో 31 సెక్షన్లు ఉన్నాయి. సాధారణంగా 30 రోజులు, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు అన్న గడువు ఉన్నది సెక్షన్ 7లోని మొదటి ఉపసెక్షన్‌లో. వేరే కార్యాలయానికి చెందిన దరఖాస్తును 5 రోజులు దాటకుండా సరైన చోటికి బదిలీ చేయాలని చెప్పేది సెక్షన్ 6లోని మూడో ఉపసెక్షన్. చిన్న తెర మీద వేలితో పేజీని జరుపుకుంటూ అంత లోపలికి వెళ్ళి ఆ వాక్యం చదివేవారు కొందరే. మిగతావారిలో కొందరు లింకు ఉంది కదా అని చదవకుండానే నమ్ముతారు. కొందరు తెరిచి చూసి, కనబడక, నమ్మడం మానేస్తారు. ఆధారం చూపించాలనుకున్న మనిషి శ్రమ రెండు విధాలా వృథా అవుతుంది.

ఆ వాక్యం దగ్గరికే నేరుగా తీసుకువెళ్ళే లింకు ఇవ్వడం సాధ్యమే. ఆ ఏర్పాటు వెబ్ పుట్టిన తొలి రోజుల నుంచీ ఉంది. అయితే అందులో పేజీ తయారు చేసినవారు చేయవలసిన పని ఒకటి, చదివేవారు చేయగలిగిన పని మరొకటి ఉన్నాయి. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లా, తెలుగు లిపికి ప్రత్యేకమైన కొన్ని చిక్కులు ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లా ఈ సౌకర్యం మన పేజీలలో సరిగా వాడుకలోకి రాలేదు.

వెబ్ చిరునామాలో చివరన హ్యాష్ గుర్తు (#) ఉంటే, దాని తర్వాత వచ్చే భాగాన్ని సాంకేతిక భాషలో ఫ్రాగ్మెంట్ అంటారు, అంటే ముక్క. చిరునామాల నిర్మాణాన్ని నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే పత్రం, 2005లో వెలువడినది, దీన్ని మిగతా చిరునామా నుంచి స్పష్టంగా వేరు చేస్తుంది. హ్యాష్ గుర్తుకు ముందున్నదంతా సర్వర్‌కు, అంటే పేజీని ఉంచి పంపే కంప్యూటర్‌కు, వెళుతుంది. హ్యాష్ గుర్తు తర్వాత ఉన్నది బ్రౌజర్ దగ్గరే ఆగిపోతుంది. సర్వర్ పేజీ మొత్తాన్ని పంపిన తర్వాత, ఆ ముక్కలో ఉన్న పేరు పేజీలో ఎక్కడైనా ఐడీగా, అంటే ఒక భాగానికి పేజీ కోడ్‌లో పెట్టిన గుర్తింపు పేరుగా, ఉందా అని బ్రౌజర్ వెతుకుతుంది. ఉంటే ఆ చోటిని తెర పైభాగానికి తెస్తుంది. లేకపోతే పేజీ మొదట్లోనే నిలబడుతుంది. తొలి రోజుల్లో ఇందుకోసం యాంకర్ అనే ప్రత్యేక ట్యాగుకు పేరు పెట్టవలసి వచ్చేది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో 1997లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో ఏ శీర్షికకైనా, ఏ పేరాకైనా, పట్టికలోని ఏ వరుసకైనా నేరుగా ఐడీ ఇచ్చే వీలు స్థిరపడింది.

ఈ ఐడీయే పేజీకి సర్వే నంబరు. దాన్ని వేయవలసింది పేజీ యజమాని. సర్వే జరగని ఊళ్ళో నంబరు చెప్పడం ఎలా సాధ్యం కాదో, ఐడీలు లేని పేజీలో ఒక భాగాన్ని ఈ పద్ధతిలో చూపడం అలాగే సాధ్యం కాదు. చదివేవారు ఎంత తెలివైనవారైనా ఇక్కడ చేయగలిగింది లేదు. ప్రజలకు ఉపయోగపడాలని పెట్టే పేజీలలో, అంటే చట్టాలు, పథకాల అర్హతలు, నీటి నాణ్యత ప్రమాణాలు, ప్రాజెక్టుల నీటిమట్టాలు ఉండే పేజీలలో, ఐడీలు వేయడం ఇష్టాన్ని బట్టి చేసే అదనపు సేవగా మిగిలిపోకూడదు. అది ఆ పేజీ పెట్టిన పనిలోనే భాగం. జూరాలలో ఇవాళ ఎంత నీరుందో తెలుసుకోవాలనుకునే గద్వాల రైతుకు కృష్ణా, గోదావరి బేసిన్ల జలాశయాలన్నీ ఉన్న పట్టిక పంపితే అతను శ్రీశైలం, సాగర్ వరుసల మధ్య తన వరుసను వెతుక్కోవాలి. ఆ వరుసకు ఒక ఐడీ ఉండి ఉంటే, అదే పట్టిక, అదే పేజీ, ఒక్క నొక్కుతో అతని వరుస దగ్గర తెరుచుకునేది.

ఫ్రాగ్మెంట్ సర్వర్‌కు చేరదన్న విషయం చిన్నదిగా కనబడుతుంది కానీ, దాని పర్యవసానాలు పెద్దవి. మొదటిది, ఈ లింకు చెడిపోయినప్పుడు చప్పుడు చేయదు. పేజీయే మాయమైతే ‘404’ అన్న సందేశం వస్తుంది. చదివేవారికి తెలుస్తుంది, సర్వర్ రాసుకునే చిట్టాలో (లాగ్‌లో) నమోదవుతుంది, యజమాని చూసి సరిదిద్దవచ్చు. పేజీ ఉండి, లోపలి ఐడీ మాత్రం పోయినప్పుడు ఎవరికీ ఏ సూచనా అందదు. పేజీ పైనుంచి తెరుచుకుంటుంది. పంపినవారు సరిగానే పంపామనుకుంటారు, చదివేవారు పేజీ మొదట్లో ఉన్నదే చూడమన్నారని అనుకుంటారు, యజమాని లాగ్‌లో అది విజయవంతమైన సందర్శనగానే ఉంటుంది. లింకులు చెడిపోవడం గురించి జరిగే చర్చలలో ఈ రకం చెడిపోవడం చాలా తక్కువగా ప్రస్తావనకు వస్తుంది, కారణం కూడా ఇదే: లెక్కపెట్టడానికి ఎక్కడా ఆనవాలు మిగలదు.

రెండో పర్యవసానం, ఒక భాగాన్ని వేరే పేజీకి తరలించినప్పుడు సర్వర్ స్థాయిలో చేసే దారి మళ్ళింపు పనిచేయకపోవడం. మొత్తం పేజీని ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు మళ్ళించవచ్చు, అప్పుడు బ్రౌజర్ హ్యాష్ భాగాన్ని కూడా వెంట తీసుకువెళుతుంది. కానీ ఫలానా విభాగం కోరుకున్నవారిని మాత్రం ఫలానా కొత్త పేజీకి పంపాలంటే, వారు కోరుకున్న విభాగం ఏదో సర్వర్‌కు తెలియదు. జిల్లాల పునర్విభజన జరిగిన ప్రాంతంలో ఈ చిక్కు ఎంత దూరం వెళుతుందో చివరన చూద్దాం.

తెలుగు వికీపీడియా ఈ విషయంలో మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ ఐడీలను ఎవరూ చేత్తో వేయనక్కరలేదు. వ్యాసంలో ప్రతి శీర్షికకూ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఐడీ వేస్తుంది. పదాల మధ్య ఖాళీ ఉంటే అక్కడ అండర్‌స్కోర్ పెడుతుంది. ఊళ్ళ గురించిన వేలాది వ్యాసాలు 2011 జనగణన వివరాల ఆధారంగా ఒకే తీరు శీర్షికలతో ఉన్నాయి: విద్యా సౌకర్యాలు, తాగు నీరు, పారిశుధ్యం, భూమి వినియోగం, నీటిపారుదల సౌకర్యాలు వగైరా. కాబట్టి మునుగోడు మండలంలో ఒక ఊరి తాగునీటి విభాగానికి లింకు ఎలా ఇవ్వాలో తెలిస్తే, అచ్చంపేట మండలంలో మరో ఊరి విభాగానికీ అలాగే ఇవ్వవచ్చు. ఇది పెద్ద సౌలభ్యం. అయితే ఈ ఐడీ శీర్షిక నుంచి పుట్టింది కనుక, శీర్షిక మారితే ఐడీ కూడా మారిపోతుంది. ‘తాగు నీరు’ అన్న రెండు పదాలను ఒక సంపాదకుడు సదుద్దేశంతో ‘తాగునీరు’ అని కలిపి రాస్తే చాలు, లేదా మరొకరు ‘త్రాగునీరు’ అని మారిస్తే చాలు, అప్పటివరకూ బయట తిరిగిన లింకులన్నీ పేజీ మొదట్లోకి జారిపోతాయి. ఒకే వ్యాసంలో ఒకే శీర్షిక రెండుసార్లు వస్తే రెండోదానికి చివరన 2 అన్న అంకె చేరుతుంది. మధ్యలో అదే పేరుతో ఇంకో విభాగం వచ్చి చేరితే లింకు మరో చోటికి వెళుతుంది. ఏ చోటికీ వెళ్ళని లింకు కన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే చదివేవారికి తప్పు ఆధారం చూపిస్తుంది.

పలుకుబడులు, రాత పద్ధతులు ఇన్ని ఉన్న భాషలో ఈ సమస్య ఇంగ్లీషులో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఐడీని పోల్చేటప్పుడు బ్రౌజర్ అర్థం చూడదు, ఉచ్చారణ చూడదు. అక్షరాలకు కంప్యూటర్‌లో ఉండే సంకేతాలు ఒకదాని వెంట ఒకటి అచ్చంగా సరిపోయాయా లేదా అన్నదే చూస్తుంది. నల్గొండ, నల్లగొండ రెండూ మనకు ఒకే ఊరు, బ్రౌజర్‌కు రెండు వేర్వేరు పేర్లు. ఇక మహబూబ్‌నగర్ విషయంలో కంటికి కనబడని తేడా ఒకటుంది. ‘బ్’ తర్వాత ‘న’ వత్తుగా కిందికి దిగకుండా పక్కన నిలబడాలంటే ఆ రెండింటి మధ్య వెడల్పు లేని ఒక ప్రత్యేక సంకేతం ఉండాలి. అన్ని లిపులకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులతో అది సులువుగా పడుతుంది, కొన్నింటితో పడదు. పడనప్పుడు కొందరు ‘మహబూబ్ నగర్’ అని మధ్యలో ఖాళీ ఇస్తారు, కొందరు ‘మహబూబునగర్’ అని రాస్తారు, కొందరు వత్తుతోనే వదిలేస్తారు. శీర్షికలో ఆ సంకేతం ఉండి, చేత్తో టైపు చేసిన లింకులో లేకపోతే ఆ లింకు పనిచేయదు, ఎందుకు పనిచేయడం లేదో ఎంత చూసినా కంటికి కనబడదు. కోదాడకో, ఆలేరుకో ఈ బాధ లేదు. పొల్లు హల్లుతో ముగిసిన మాటకు మరో మాట అతికిన పేర్లన్నింటికీ ఉంది.

దీని తర్వాతి చిక్కు పొడవు. వెబ్ చిరునామా ప్రాథమికంగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులతోనే ప్రయాణిస్తుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. ఒక్కో బైటును చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా రాస్తారు. అంటే ఒక్క ‘న’ తొమ్మిది అక్షరాలవుతుంది. ‘నల్గొండ’లో న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ కలిపి ఏడు సంకేతాలు ఉన్నాయి కనుక అది 63 అక్షరాలవుతుంది. ‘తాగునీరు’ 72 అవుతుంది. ‘మహబూబ్‌నగర్’, ఆ కనబడని సంకేతంతో కలిపి, 99 అవుతుంది. తెలుగు లిపి ఉన్న ఎస్సెమ్మెస్ ఒక సందేశానికి 70 అక్షరాలే పడుతుందని గుర్తుంచుకుంటే, తాగునీరు అన్న ఒక్క మాటే సందేశం హద్దు దాటిపోతుందని తెలుస్తుంది. చిరునామా పట్టీలో తెలుగు అక్షరాలు చక్కగా కనబడుతున్నా, కాపీ చేసి వాట్సాప్‌లో వేసేసరికి శాతం గుర్తుల దండు ప్రత్యక్షమవుతుంది. చూసినవారికి అది ఏదో మోసపు లింకులా అనిపించి నొక్కడానికి భయపడతారు. సైబర్ మోసాల గురించి ఇంతగా హెచ్చరికలు వింటున్న రోజుల్లో ఆ భయాన్ని తప్పుపట్టలేం.

కాబట్టి పేజీ తయారు చేసేవారు ఐడీని తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాలలో పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. తెలుగు మీద మమకారంతో ఆలోచిస్తే తెలుగులో ఉండాలనిపిస్తుంది, చిరునామా చూడగానే లోపల ఏముందో తెలుస్తుంది కూడా. అయినా చేతులు మారుతూ తిరిగే లింకు విషయంలో పొట్టి ఐడీయే మేలు. శీర్షిక తెలుగులో ఎంత నిండుగానైనా ఉండవచ్చు. దాని వెనుక ఐడీ మాత్రం నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు, లేదా చట్టాల పేజీలైతే సెక్షన్ అంకెతో కూడిన చిన్న గుర్తు, ఉంటే చాలు. ఇందులో మరో లాభం ఉంది. శీర్షికలో అక్షరదోషం దిద్దినా, మాట మార్చినా, ఐడీ చెక్కుచెదరదు. ఊరి పేరును ఎవరు ఎలా పలికినా నక్షాలో నంబరు మారనట్టే ఇది కూడా.

కొన్ని పరికరాలు ఈ విషయంలో తెలుగుకు అన్యాయమే చేస్తాయి. బ్లాగులు, చిన్న సైట్లు తయారు చేయడానికి వాడే క్రామ్‌డౌన్ అనే సాఫ్ట్‌వేర్, ప్రత్యేకంగా ఏర్పాటు చేయకపోతే, శీర్షికలోని ఇంగ్లీషేతర అక్షరాలన్నింటినీ వదిలేసి ఐడీ తయారు చేస్తుంది. పూర్తిగా తెలుగులో ఉన్న శీర్షికకు ఏమీ మిగలదు కనుక ‘సెక్షన్’ అన్న మాటను వేస్తుంది, తర్వాతివాటికి ‘సెక్షన్-1’, ‘సెక్షన్-2’ అని వేసుకుంటూ పోతుంది. రేపు మధ్యలో కొత్త విభాగం చేరిస్తే దాని కిందివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. తెలుగులో రాసేవారు శీర్షిక పక్కనే తమ చేత్తో ఐడీ ఇచ్చుకోవడం ఒక్కటే దీనికి నమ్మకమైన పరిష్కారం.

ఇంతవరకూ చెప్పింది యజమాని వేసే నంబరు గురించి. యజమాని నంబరు వేయనప్పుడు చదివేవారు హద్దులు చెప్పి చూపించే పద్ధతి ఒకటి ఇటీవలి కాలంలో వచ్చింది. దాన్ని టెక్స్ట్ ఫ్రాగ్మెంట్ అంటారు. హ్యాష్ గుర్తు తర్వాత రెండు చుక్కలు, టిల్డా, మళ్ళీ రెండు చుక్కలు (#:~:), ఆ తర్వాత ఇంగ్లీషులో టెక్స్ట్ అన్న మాట, సమాన గుర్తు, ఆపైన పేజీలో కావలసిన మాటలు ఉంటాయి. బ్రౌజర్ ఆ మాటలను పేజీలో వెతికి, అక్కడికి తీసుకువెళ్ళి, రంగు వేసి చూపిస్తుంది. క్రోమ్‌లో ఇది 2020 ఫిబ్రవరిలో 80వ వెర్షన్‌తో వచ్చింది. సఫారీలో 2022లో, ఫైర్‌ఫాక్స్‌లో 2024 అక్టోబరులో 131వ వెర్షన్‌తో వచ్చింది. ఫోన్‌లో క్రోమ్ వాడేవారు వాక్యాన్ని వేలితో నొక్కి పట్టుకుని ఎంచుకుని, షేర్ నొక్కితే ఆ వాక్యానికే లింకు తయారవుతుంది. ఐడీ అంటే ఏమిటో తెలియనవసరం లేదు, పేజీ యజమానిని అడగనవసరం లేదు.

దీని నిర్మాణం చూస్తే దస్తావేజులోని హద్దులే గుర్తుకొస్తాయి. కావలసిన మాటలు పేజీలో నాలుగుచోట్ల ఉంటే, వాటికి ముందు వచ్చే మాట ఏది, తర్వాత వచ్చే మాట ఏది అని కూడా లింకులో చెప్పవచ్చు. ముందు మాటకు చివరన, తర్వాతి మాటకు మొదట ఒక అడ్డగీత పెడతారు. పొడవైన పేరాను చూపాలంటే అంతా రాయనక్కరలేదు, మొదటి రెండు మూడు మాటలు, కామా, చివరి రెండు మూడు మాటలు ఇస్తే మధ్యలోనిదంతా పట్టుకుంటుంది. శాతం గుర్తుల పొడవు బాధ ఉన్న తెలుగు వాక్యాలకు ఈ రెండో పద్ధతి ఎంతో మేలు చేస్తుంది.

అయితే ఇందులోని ఒక నియమం తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది. వెతికే మాటలు పేజీలో పూర్తి పదాలుగా ఉండాలి; పదం మధ్యలో మొదలవడం గానీ, మధ్యలో ఆగడం గానీ కుదరదు. పేజీలో ఏముందో అక్షరం అక్షరంగా ఊహించి రాబట్టే దొంగ ప్రయత్నాలను అడ్డుకోవడానికి ఈ నియమం పెట్టారు, అది సమంజసమే. కానీ తెలుగులో విభక్తి మాటకు అతుక్కునే ఉంటుంది. పేజీలో ‘నల్గొండలో’ అని ఉంటే, ‘నల్గొండ’ అని వెతికే లింకు దాన్ని పట్టుకోదు. ‘ఫ్లోరైడ్’ అని రాసిన లింకు ‘ఫ్లోరైడు’ దగ్గర ఆగదు. సంధి కలిసిన చోట్ల సంగతి చెప్పనక్కరలేదు. చేత్తో ఇలాంటి లింకు రాసుకునేవారు పేజీలో ఉన్న రూపాన్ని ఉన్నట్టుగా, ప్రత్యయంతో సహా, కాపీ చేయాలి. బ్రౌజర్ చేతే తయారు చేయిస్తే ఈ ఇబ్బంది రాదు.

హద్దులకు ఉన్న బలహీనత కూడా దీనికి ఉంది. వాగు దారి మారితే, పక్క పొలం చేతులు మారితే, రాసిన హద్దు అక్కరకు రాదు. పేజీలో వాక్యం దిద్దితే టెక్స్ట్ ఫ్రాగ్మెంట్ దొరకదు, పేజీ మళ్ళీ పైనుంచే తెరుచుకుంటుంది. అందుకే నంబరు, హద్దులు రెండూ రాసే మన పాత అలవాటు ఇక్కడ కూడా పనికొస్తుంది. ఒకే లింకులో హ్యాష్ తర్వాత ముందు ఐడీ, దాని వెంటనే టెక్స్ట్ భాగం పెట్టవచ్చు. బ్రౌజర్ మాటలను వెతుకుతుంది. దొరకకపోతే కనీసం ఆ ఐడీ ఉన్న విభాగం దగ్గర ఆగుతుంది. మరింత గట్టి ఆధారం కావలసినవారు, ముఖ్యంగా వ్యవహారాలకూ పరిశోధనకూ వాడేవారు, వెబ్ పేజీల ప్రతులను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో పేజీని భద్రపరచి ఆ ప్రతికి ఇలాంటి లింకు ఇవ్వడం మేలు. అక్కడి ప్రతిలో మాటలు మారవు కనుక హద్దులూ చెరిగిపోవు.

మన ప్రాంతంలో ప్రజలకు నిజంగా కావలసిన సమాచారం చాలావరకు వెబ్ పేజీలలో కాక పీడీఎఫ్‌లలో ఉంటుంది. మర్రిగూడ వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా చూపవలసిన కాగితం భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500. అందులో ఫ్లోరైడ్‌కు ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల తేడా ఒక ఊరి బోరు వాడవచ్చా లేదా అన్న వాదనకు మూలం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్గొండ పేరే పెట్టిందంటే ఇక్కడి సమస్య ఎంతటిదో తెలుస్తుంది. అలాంటి చోట ఆ పట్టికలోని ఒక్క వరుసను చూపలేకపోవడం బాధాకరం. పీడీఎఫ్ చిరునామా చివర హ్యాష్ గుర్తు, ఇంగ్లీషులో పేజ్ అన్న మాట, సమాన గుర్తు, పుట సంఖ్య రాస్తే కంప్యూటర్ బ్రౌజర్‌లలో ఆ పుటే తెరుచుకుంటుంది. ఇక్కడ పుట సంఖ్య అంటే ఫైలులో ఎన్నో పుట అని. అట్ట, ముందుమాట పుటలు కూడా లెక్కలోకి వస్తాయి కనుక కింద అచ్చయిన సంఖ్యకూ దీనికీ తేడా ఉంటుంది. చాలా ఫోన్లలో మాత్రం పీడీఎఫ్ ముందు డౌన్‌లోడ్ అయి వేరే యాప్‌లో తెరుచుకుంటుంది, ఆ దారిలో హ్యాష్ భాగం రాలిపోతుంది. అందువల్ల పీడీఎఫ్ లింకు పంపేవారు పుట సంఖ్యనూ పట్టిక సంఖ్యనూ మాటల్లో కూడా రాయాలి. స్కాన్ చేసిన ఉత్తర్వులైతే లోపల అక్షరాలే ఉండవు, బొమ్మలే ఉంటాయి. అక్కడ వెతకడానికైనా ఏమీ లేదు. అసలు పరిష్కారం ఆ కార్యాలయాలు అదే విషయాన్ని అక్షరాలుగా, ఐడీలు ఉన్న పేజీగా పెట్టడమే.

పేజీ తయారీలో చేసే కొన్ని చిన్న పొరపాట్లు కూడా మంచి లింకును పాడు చేస్తాయి. తెర పైభాగంలో అంటుకుని ఉండే పట్టీ శీర్షికను కప్పేస్తే, లింకు సరైన చోటికే వచ్చినా చదివేవారికి శీర్షిక కనబడదు. శీర్షికలకు పైన కొంత ఖాళీ వదిలేలా స్టైల్‌లో ఒక్క వరుస రాస్తే ఇది పోతుంది. బొమ్మలకు కొలతలు ముందే ఇవ్వకపోతే, నెమ్మదిగా వచ్చే నెట్‌లో లింకు ఒకచోట ఆగాక పైనున్న బొమ్మలు ఒక్కొక్కటీ దిగుతూ ఆ చోటిని కిందికి తోసేస్తాయి. నల్లమల అంచు ఊళ్ళలో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట, ఇది రోజూ ఎదురయ్యే అనుభవం. కళ్ళు కనిపించనివారు స్క్రీన్ రీడర్‌తో చదివేటప్పుడు ఇలాంటి లోపలి లింకుల విలువ మరింత ఎక్కువ. ప్రతి పేజీలోనూ మెనూలన్నీ మళ్ళీ మళ్ళీ వినకుండా నేరుగా అసలు విషయానికి దాటించే లింకు కూడా ఈ హ్యాష్ గుర్తుతోనే నడుస్తుంది.

ఇక జిల్లాల విషయం. 2016 అక్టోబరు 11న పాత నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వచ్చింది. అంతకుముందు జిల్లా పేజీలో ఒక విభాగంగా ఉన్న గద్వాల కోట, వనపర్తి సంస్థానం, పిల్లలమర్రి ఆలయాలు వంటి విషయాలు కొత్త జిల్లాల పేజీలకు తరలడం సహజం. తరలించినవారు తప్పేమీ చేయలేదు. కానీ పాత పేజీలోని ఆ విభాగానికి ఏళ్ళ తరబడి ఇచ్చిన లింకులు ఇప్పుడు పాత జిల్లా పేజీ మొదట్లో ఆగుతాయి, అక్కడ గద్వాల ప్రస్తావనే ఉండకపోవచ్చు. సర్వర్ దీన్ని సరిదిద్దలేదని ముందే చూశాం. సరిదిద్దగలిగేది పాత పేజీయే. విషయాన్ని తరలించినా శీర్షికను తీసేయకుండా, దాని పాత ఐడీని అలాగే ఉంచి, దాని కింద ఈ వివరాలు ఇప్పుడు ఫలానా జిల్లా పేజీలో ఉన్నాయని ఒక్క వాక్యం, కొత్త విభాగానికి నేరుగా ఒక లింకు ఉంచాలి. శీర్షిక పేరు మారిస్తే కొత్త ఐడీతోపాటు పాత ఐడీని కూడా అదే చోట ఒక ఖాళీ యాంకర్‌గా ఉంచాలి. పేజీ బరువు దీనివల్ల పట్టుమని వంద అక్షరాలు కూడా పెరగదు.